కర్రీ ముసలివాడైతే మన టీమ్ సంగతేంటి?

ప్రశ్న: అన్నా, మాది సోంపేట దగ్గర పల్లెటూరు. ఇచ్ఛాపురంలో ప్రైవేటు ఉద్యోగం. 2015లో ఇంటర్ హాస్టల్లో ఉండగా ఒక సీనియర్ ఫోన్లో మొదటిసారి ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) టీమ్ గోల్డెన్ స్టేట్ వారియర్స్ మ్యాచ్ చూశాను. అప్పట్నుంచి అదే నా టీమ్. పొద్దున్న టిఫిన్ తింటూ మ్యాచ్ చూడడం, సగంలో బండెక్కి ఆఫీసుకి పోవడం, మిగతాది స్కోరు చూసుకోవడం. 2024లో మా పాత స్టార్ క్లే థాంప్సన్ డల్లాస్‌కి వెళ్ళిపోయినప్పుడే మనసు పాడైంది. 2025 మే నెలలో ప్లేఆఫ్స్‌లో (కప్పు కోసం ఆడే చివరి సిరీస్‌లు) మిన్నెసోటాతో మొదటి మ్యాచ్‌లోనే మా పెద్ద స్టార్ స్టెఫెన్ కర్రీకి తొడ వెనక కండరం పట్టేసింది. ఆ మ్యాచ్ ఎలాగో గెలిచాం గానీ తర్వాత వరసగా నాలుగు ఓడి ఇంటికొచ్చేశాం. కర్రీకి 37. అతని పక్కన ఆడే బట్లర్‌కి సెప్టెంబరులో 36 వస్తాయి. డ్రేమండ్‌కి 35. వీళ్ళు మానేస్తే టీమ్ ఏమైపోతుందో అని టెన్షన్. ధర ఉన్నప్పుడే కర్రీని ఇచ్చేసి కుర్రాళ్ళని తెచ్చుకోవడం మంచిదా? మా ఆఫీసులో ఒక ఐపీఎల్ చెన్నై టీమ్ అభిమాని 'మీ టీమూ మాలాగే అయిపోయింది' అంటున్నాడు. కర్రీ రిటైరయ్యేలోగా ఇంకో టైటిల్ రాదని పందేనికి కూడా రమ్మంటున్నాడు. మా నాన్నయితే 'తోటలో కాయలు దింపించడానికి రారా అంటే రావు, అమెరికావాళ్ళ ఆటకి దిగులు పడతావు' అని తిడతాడు. నేను వేరే టీమ్ చూసుకోవాలా? (పేరు వెయ్యొద్దు, సోంపేట)

సమాధానం: తమ్ముడూ, ముందు కాయలు దింపించడానికి వెళ్ళు. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

నీ భయంలో సగం నిజమే. ఆ సగం ఎంతో డబ్బు లెక్కలో చూస్తే బాగా తెలుస్తుంది. 2025-26 సీజన్‌కి ఎన్‌బీఏ ఒక్కో టీముకి పెట్టిన సాలరీ క్యాప్, అంటే జీతాల పరిమితి, దాదాపు 15.46 కోట్ల డాలర్లు. అందులో కర్రీకి 5.96 కోట్లు, బట్లర్‌కి 5.41 కోట్లు, డ్రేమండ్‌కి 2.59 కోట్లు. అంటే 35 దాటిన ముగ్గురికే దాదాపు 14 కోట్లు పోతోంది. క్యాప్ దాటినా సొంత ఆటగాళ్ళని నిలుపుకోవచ్చు గానీ బయటివాళ్ళని పెద్ద జీతమిచ్చి తెచ్చుకోవడం కుదరదు. ఎవరైనా కావాలంటే అంత జీతం ఉన్నవాడినే అటు పంపాలి. 2023లో లీగ్‌కీ ఆటగాళ్ళ సంఘానికీ కుదిరిన కొత్త ఒప్పందంతో ఈ నిబంధనలు ఇంకా బిగిశాయి. జీతాల మొత్తం క్యాప్ కన్నా చాలా పైనున్న సెకండ్ ఏప్రన్ అనే గీత దాటిన టీముకి ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాడిని తెచ్చుకునే దారి కూడా మూసేశారు. ఓనరు దగ్గర ఎన్ని డబ్బులున్నా ఇది ఇంతే.

మీ చెన్నై అభిమాని పోలిక తప్పయ్యేది ఇక్కడే. 2018లో చెన్నై మీద వేసిన జోకులు గుర్తున్నాయా? అంతా ముప్ఫై దాటినవాళ్ళే, 'డాడ్స్ ఆర్మీ' అన్నారు. ఫైనల్లో 36 ఏళ్ళ వాట్సన్ మన సన్‌రైజర్స్ మీద 117 నాటౌట్ కొట్టి కప్పు పట్టుకెళ్ళాడు. అదే చెన్నై 2025లో పట్టికలో అట్టడుగున నిలిచింది. అయినా వాళ్ళకి మెగా వేలం ఉంది. కొన్నేళ్ళకోసారి కొద్దిమందిని మాత్రం ఉంచుకుని మిగతా టీమంతా కొత్తగా కొనుక్కోవచ్చు, అందరి చేతిలోనూ అంతే డబ్బు. ఎన్‌బీఏలో అలాంటి రోజు రాదు. ముసలి టీము మళ్ళీ కుర్ర టీము కావాలంటే ఉన్న పెద్ద దారి ఒక్కటే, ప్రతి జూన్‌లో జరిగే డ్రాఫ్ట్. కొత్త కుర్రాళ్ళని టీములు వంతుల ప్రకారం ఎంచుకుంటాయి. ప్లేఆఫ్స్‌కి రాని 14 టీముల మధ్య మొదటి నాలుగు వంతులకి లాటరీ తీస్తారు. 2025లో బాగా ఓడిన మూడు టీములకీ మొదటి వంతు దక్కే అవకాశం తలా 14 శాతం. ఆ ఏడాది 1.8 శాతం అవకాశం ఉన్న డల్లాస్‌కి ఆ వంతు తగిలింది, అదృష్టమంటే అలా ఉంటుంది. ఆ వంతునే పిక్ అంటారు. రాబోయే ఏళ్ళ పిక్‌లని కూడా ముందే ఇచ్చిపుచ్చుకోవచ్చు. ఇది గుర్తుపెట్టుకో, నేను చెప్పబోయేదంతా దీని మీదే.

కుర్రాళ్ళని తెచ్చుకోవాలా అని అడిగావు. మన టీమ్ అది చేసి చూసింది తమ్ముడూ, చేతులు కాల్చుకుంది. 2019 ఫైనల్లో డ్యురాంట్‌కి మడమ నరం తెగింది, క్లేకి మోకాలు పోయింది. తర్వాతి సీజన్లో కర్రీకి చెయ్యి విరిగి టీము 15 గెలిచి 50 ఓడింది. ఆ పుణ్యమా అని 2020లో రెండో పిక్ వచ్చింది. 2021లో ఏడు, పద్నాలుగు పిక్‌లు కూడా దక్కాయి. అప్పుడు పెద్దలు వేసిన ప్లాను ఏంటంటే, కర్రీ బ్యాచ్ కప్పుల కోసం ఆడుతుంటే పక్కనే ఆ పిక్‌లతో వచ్చిన వైజ్‌మన్, కుమింగా, మూడీ ఎదుగుతారు, కర్రీ దిగేసరికి వాళ్ళు అందుకుంటారని. వినడానికి ఎంత బాగుందో!

మీది ఉద్దానం కాబట్టి ఇది ఎందుకు చెడిందో నీకు నేను చెప్పక్కర్లేదు. కాపు మీదున్న ముసలి చెట్ల మధ్య కొబ్బరి మొక్క పెడితే ఏమవుతుంది? నీడలో వెలుతురు కోసం పైకి సాగుతుంది గానీ మొదలు లావెక్కదు. పెద్ద చెట్లు కొన్ని తీసి ఎండ తగలనిస్తేనే అది నిలబడుతుంది. వైజ్‌మన్‌కి ఎండే తగల్లేదు. మోకాలి గాయంతో 2021-22 సీజనంతా కూర్చున్నాడు, మొత్తమ్మీద 60 మ్యాచ్‌లాడి 2023 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌కి పోయాడు. అతని తర్వాతి పిక్‌లో లమెలో బాల్, పన్నెండో పిక్‌లో హాలిబర్టన్ వెళ్ళారన్నది తలుచుకుంటే కడుపు మండుతుంది గానీ, వాళ్ళు ఇక్కడికొచ్చినా అదే నీడలో కూర్చునేవాళ్ళేమో అని నాకో అనుమానం. కర్రీ ఒక్కో మ్యాచ్‌కి ప్రాణం పెడుతున్నప్పుడు తప్పులు చేసే కుర్రాడిని ఏ కోచ్ మాత్రం కోర్టు మీద ఉంచుతాడు? కుమింగానే చూడు. 2025లో మెంఫిస్‌తో ప్లే-ఇన్ మ్యాచ్‌లో (ప్లేఆఫ్స్‌లో చోటు కోసం ఆడేది) ఒక్క నిమిషం కూడా ఆడించలేదు. కర్రీ గాయపడి పక్కన కూర్చున్నాక మిన్నెసోటాతో మూడో మ్యాచ్‌లో అదే కుర్రాడు 30 పాయింట్లు కొట్టాడు. అతని మొదటి కాంట్రాక్టు 2025 వేసవిలో అయిపోయింది.

నీడలోనూ ఎదిగినవాడు జోర్డన్ పూల్ ఒక్కడే. 28వ పిక్‌లో వచ్చి 2022 కప్పులో పెద్ద చెయ్యే వేశాడు. ఆ అక్టోబరులోనే ప్రాక్టీసులో డ్రేమండ్ అతన్ని గుద్దాడు. మరుసటేడు పూల్ వాషింగ్టన్‌లో ఉన్నాడు. ఎంత డ్రేమండ్ అభిమానివైనా దాన్ని సమర్థించకు.

అలాగని ముసలివాళ్ళ పక్కన కుర్రాడు ఎదగడమే ఉండదని కాదు. శాన్ ఆంటోనియో చేసి చూపించింది. 2014లో కప్పు కొట్టినప్పుడు డంకన్‌కి 38, జినోబిలికి 36. ఫైనల్స్‌లో మేటి ఆటగాడిగా నిలిచింది మాత్రం 22 ఏళ్ళ కవాయ్ లెనార్డ్. 2011లో జార్జ్ హిల్‌ని ఇచ్చి పదిహేనో పిక్ కుర్రాడిగా తెచ్చుకున్నారు. తేడా ఎక్కడంటే, వాళ్ళ కోచ్ పోపోవిచ్ పెద్దవాళ్ళ నిమిషాలు కోసి కుర్రాళ్ళకి పంచేవాడు. ఒకసారి స్కోరు పట్టికలో డంకన్ ఎందుకు ఆడలేదన్న చోట 'ముసలితనం' అని రాయించాడు! 2012 నవంబరులో మయామీ మ్యాచ్‌కి ముందు పెద్దవాళ్ళని ఇంటికి పంపేసినందుకు లీగ్ రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. అయినా మానలేదు. కాబట్టి ఏదో ఒక పొద్దున్న టిఫిన్ ప్లేటు పట్టుకుని కూర్చునేసరికి కర్రీ సూటు వేసుకుని బెంచీ మీద కనబడితే తిట్టుకోకు. 82 మ్యాచ్‌ల్లో కొన్ని పోతేనే ఏప్రిల్లో అతను మిగులుతాడు.

ఇక కర్రీని ఇచ్చెయ్యడం గురించి. నా మాట సూటిగా చెప్తాను, వద్దు. సెంటిమెంటుతో అనడం లేదు. 37 ఏళ్ళవాడికి, ఏడాదికి ఆరు కోట్ల డాలర్లవాడికి ఎవరైనా ఎంత ఇస్తారు? తీసుకునే టీము కప్పుకి దగ్గర్లో ఉన్న టీమై ఉంటుంది, అలాంటి టీము పిక్ వస్తే పాతికో ఇరవయ్యెనిమిదో వస్తుంది. దాంతో తోట నిలబడదు. పైగా 2025 ఫిబ్రవరిలో బట్లర్ వచ్చేటప్పటికి 25 గెలిచి 26 ఓడి ఉన్న టీము, సీజన్ ముగిసేసరికి 48 గెలిచి 34 ఓడింది. బట్లర్ వచ్చాక 23 గెలిచి 8 మాత్రమే ఓడారు. హ్యూస్టన్ కుర్ర టీముని ఏడు మ్యాచ్‌ల్లో గెలిచారు. ఇలాంటి టీముని ఇప్పుడే కూలగొట్టడం పిచ్చిపని.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. కర్రీ షూటింగ్‌కి వయసు రాలేదు, 2025 మార్చిలో 4,000 త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల బాస్కెట్లు) దాటిన మొదటి మనిషయ్యాడు. 2024 పారిస్ ఒలింపిక్స్ ఫైనల్లో ఫ్రాన్స్ మీద ఎనిమిది త్రీలు కొట్టింది కూడా ఈ వయసులోనే. వయసొచ్చింది కాళ్ళకి. అతని ఆటంతా బంతి లేనప్పుడు పరుగెత్తడంలోనే ఉంది. ఒక మూల నుంచి ఇంకో మూలకి, ఇద్దరు భారీ ఆటగాళ్ళ మధ్య నుంచి దూరి, తనని పట్టుకున్న కుర్రాడికి ఆయాసం తెప్పించి అప్పుడు బంతి అందుకుంటాడు. డంకన్‌లా ఒకచోట నిలబడి ఆడే ఆట కాదు. అందుకే తొడ కండరం పట్టేస్తే టీము మొత్తం ఆగిపోయింది. ఆ మే 7 పొద్దున్న నీకు కలిగిన దిగులు ఉత్తి దిగులేం కాదు.

పందెం మాత్రం కాయకు. ఇంకో టైటిల్ రావాలంటే ముగ్గురు పెద్దవాళ్ళు ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒక్క దెబ్బా తగలకుండా ఉండాలి, లీగ్‌లో మనమున్న పడమటి సగంలో ఓక్లహోమా లాంటి కుర్ర టీములు తప్పుకోవాలి. ఇవన్నీ కలిసొస్తాయని నేనైతే జేబులో డబ్బు తియ్యను. 2015, 2017, 2018, 2022. నాలుగు కప్పులు చూశావు, అంతకు ముందు ఈ టీము కప్పు కొట్టింది 1975లో.

వేరే టీమ్ చూసుకోవాలా అన్నదానికి జవాబు కూడా అందులోనే ఉంది. నువ్వు 2015లో వచ్చావు కాబట్టి వారియర్స్ అంటే గెలిచే టీమ్ అనుకుంటున్నావు. 1994 తర్వాత 2013 దాకా ఈ టీము ప్లేఆఫ్స్‌కి వచ్చింది ఒక్కసారే, 2007లో. ఎనిమిదో స్థానంలో వచ్చి మొదటి స్థానంలోని డల్లాస్‌ని పడగొట్టారు. ఆ ఒక్క ఏడాది తలుచుకుంటూనే ఓక్లండ్ జనం మిగతా ఏళ్ళన్నీ టికెట్లు కొన్నారు. తర్వాత 2009లో ఏడో పిక్‌తో కర్రీ, 2011లో పదకొండో పిక్‌తో క్లే, 2012లో 35వ పిక్‌తో డ్రేమండ్ వచ్చారు. ముగ్గురూ డ్రాఫ్ట్‌లో వచ్చినవాళ్ళే, ఒక్కడూ కొనుక్కొచ్చినవాడు కాదు. నీకూ కొన్ని చెడ్డ ఏళ్ళు రాసిపెట్టి ఉన్నాయి. అప్పుడు పొద్దున్నపూట శాన్ ఆంటోనియోలో వెంబన్యామా ఆట కూడా చూడు, నేను చూస్తాను, ఎవరూ తప్పనరు. వాళ్ళు 2022-23లో 60 మ్యాచ్‌లు ఓడాకే అతను దొరికాడు.

క్లే గురించి రాసింది రెండుసార్లు చదివాను. మన జిల్లావాళ్ళకి ఆ బాధ కొత్త కాదు. ఊసవానిపేట అమ్మాయి మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కంచు తెచ్చింది. 2004లో ఏథెన్స్‌కీ వెళ్ళింది, నడుం నొప్పితో పోటీ పూర్తి చెయ్యలేకపోయింది. ఆమదాలవలసలో ఎవరినైనా అడుగు, సిడ్నీ గురించే చెప్తారు. కర్రీ చివరి రెండేళ్ళు ఎలా ఉన్నా అతని పేరుకి వచ్చే నష్టమేమీ లేదు. టీముకి వచ్చే నష్టం వేరే చోట ఉంది.

అదెక్కడో రెండు ఉదాహరణలు చెప్తాను. 2013లో బ్రూక్లిన్ టీము బోస్టన్ నుంచి 37 ఏళ్ళ గార్నెట్‌నీ, 35 ఏళ్ళ పియర్స్‌నీ తెచ్చుకుంది. బదులుగా 2014, 2016, 2018 మొదటి రౌండ్ పిక్‌లు ఇచ్చింది, 2017లో పిక్ మార్చుకునే హక్కు కూడా ఇచ్చింది. ముసలివాళ్ళిద్దరూ ఒక్క ప్లేఆఫ్ సిరీస్ గెలిపించి వెళ్ళిపోయారు. తర్వాత బ్రూక్లిన్ ఏడాదికి అరవై మ్యాచ్‌లు ఓడుతున్నా ఆ ఓటమి ఫలం బోస్టన్‌కి పోయింది. ఆ పిక్‌ల నుంచే జేలన్ బ్రౌన్, టేటమ్ వచ్చారు, 2024లో బోస్టన్ కప్పు కొట్టింది. ఓడిపోయి కూడా కుర్రాడు దక్కకపోవడం, అదీ అసలు నరకం.

లేకర్స్ ఇంకోలా. 2013 ఏప్రిల్లో వాళ్ళ పెద్ద స్టార్ కోబీకి మడమ నరం తెగింది, ఆ నవంబరులోనే రెండేళ్ళకి 4.85 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారు. అందరూ నవ్వారు. వరసగా 27, 21, 17 విజయాలు. 2016 ఏప్రిల్లో చివరి మ్యాచ్‌లో కోబీ యూటా మీద 60 కొట్టి వెళ్ళాడు. అయితే చూడు, స్టీవ్ నాష్ కోసం 2012లో ఇచ్చిన పిక్‌కి రక్షణ నిబంధన (ఫలానా నంబరులోపు పడితే ఇవ్వక్కర్లేదన్న షరతు) ఉండడంతో ఓడిన ఏళ్ళ పిక్‌లు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. 2015, 2016, 2017లో వరసగా రెండో పిక్ దక్కింది. 2018లో లెబ్రాన్ వచ్చాడు, 2019లో ఆ కుర్రాళ్ళలో ఇంగ్రమ్‌నీ, లోంజో బాల్‌నీ ఇచ్చి ఆంథనీ డేవిస్‌ని తెచ్చుకున్నారు, 2020లో కప్పు. పెద్దాయనకి గౌరవంగా జీతమిచ్చి, నాలుగేళ్ళు హాయిగా ఓడి కూడా మళ్ళీ లేచారంటే పిక్‌లు చేతిలో ఉన్నాయి కాబట్టి.

మన టీమ్ లెక్క ఇప్పటికి పర్లేదు. బట్లర్ కోసం 2025 పిక్ పోయింది. పూల్‌ని పంపి క్రిస్ పాల్‌ని తెచ్చినప్పుడు 2030 పిక్ వాషింగ్టన్‌కి రాసిచ్చారు, అదీ మొదటి 20లో పడితే మన దగ్గరే ఉంటుంది. 2025 నాటి లెక్క ప్రకారం కర్రీ, బట్లర్, డ్రేమండ్ ముగ్గురి కాంట్రాక్టులూ 2027 వేసవి దాకే, డ్రేమండ్‌ది మాత్రం చివరి ఏడాది అతని ఇష్టం. ఇది అనుకోకుండా జరిగింది కాదు. అప్పటిదాకా వీళ్ళతోనే, ఆ తర్వాత ఖాళీ పలక. అంటే టీము బాగా ఓడబోయేది 2028, 2029 ప్రాంతంలో. ఆ రెండేళ్ళ పిక్‌లే నీ తర్వాతి కర్రీ.

కాబట్టి ఏ ఫిబ్రవరిలోనైనా ట్రేడ్ గడువు (ఆటగాళ్ళని మార్చుకునే ఆఖరి రోజు) దగ్గర పడి ఫలానా స్టార్ వస్తున్నాడట అని ఫోన్ మోగితే, ఎవరు వస్తున్నాడన్నది తర్వాత చూడు. ఏ ఏడాది పిక్ పోతోంది, రక్షణ ఎన్నో నంబరు దాకా ఉంది, అవి చదువు. కర్రీ ఉన్న ఏళ్ళ పిక్ పోతే పోనీ, అది ఎలాగూ పద్దెనిమిదో ఇరవయ్యో వస్తుంది. పాతికలోపు వయసున్న మంచి ఆటగాడి కోసమైతే 2028 పిక్ ఇచ్చినా అర్థముంది, అతను కర్రీ తర్వాత కూడా ఉంటాడు. 34 ఏళ్ళవాడి కోసం ఏ రక్షణా లేకుండా 2028 పిక్ ఇచ్చారని చదివావనుకో, ఆ రోజు నాకు మళ్ళీ ఉత్తరం రాయి, ఇద్దరం కలిసి తిడదాం.